పొట్ట చేత పట్టుకొని వచ్చినవారి హక్కు

(శృంగవరపుకోట జుమా ప్రసంగ పాఠం)

సర్వ స్తోత్రాలు సకల లోకాల పోషకుడైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయననే స్తుతిస్తున్నాము, ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాము, ఆయననే క్షమాభిక్ష వేడుకుంటున్నాము. అంతిమ దైవప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (స) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన అల్లాహ్ శాంతి శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా! ముందుగా మాకు మేము, తరువాత మీకు, దైవభీతిని గురించి ఉపదేశించుకుంటున్నాము. నేటి విషయం వినగానే లౌకికమైనదిగా తోచవచ్చు. కూలి, అద్దె, గుత్త, బాకీ అనేవి మిన్బరు మీద మాట్లాడవలసిన మాటలా అని ఎవరైనా అనుకోవచ్చు. ప్రళయదినాన మన లెక్క ఈ మాటల మీదనే చాలావరకు నిలుస్తుంది గనుక మాట్లాడక తప్పదు.

గత జుమా నమాజు తరువాత మన జమాఅత్‌కు చెందిన కొందరు యువకులు మా వద్దకు ఒక కాగితం తెచ్చారు. దాని సారాంశం ఇది. ఒడిశా, బీహార్, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాల నుండి కూలీలు వచ్చి మన కోటలో పనులన్నీ పట్టుకుపోతున్నారు. పలకలు పరచడం, రంగులు వేయడం, సెంట్రింగు, ఇటుక బట్టీ, చివరకు హోటళ్ళలో వంట సైతం వారిదే అయిపోయింది. తక్కువ కూలికి ఒప్పుకొని మన రేటు పడగొడుతున్నారు. కాబట్టి వారికి గదులు అద్దెకు ఇవ్వరాదని మస్జిద్ నుండి ఒక మాట చెప్పించాలి. ఆ కాగితం తెచ్చిన పిల్లలు చెడ్డవారు కారు. వారిలో తాపీపని చేసేవారున్నారు. పని దొరకక ఇంటి అరుగు మీద కూర్చున్న రోజులు వారికి ఉన్నాయి. వారి బాధను తేలికగా తీసివేయడానికి మేము ఇక్కడ నిలబడలేదు.

అదే వారంలో మరొక సంగతి మా చెవిన పడింది. ఒక పెద్దమనిషి ఇల్లు కట్టించుకున్నారు. ఆ ఇంట్లో పని చేసిన నలుగురు బయటి కూలీలకు మూడు వారాల కూలి ఇంకా అందలేదు. మేస్త్రీకి ఇచ్చేశామని యజమాని అంటున్నారు. తనకు అందలేదని మేస్త్రీ అంటున్నాడు. ఇద్దరూ ఈ జమాఅత్‌లో నమాజు చేసేవారే. పేర్లు ఇక్కడ చెప్పము. వారికి తెలుసు, అల్లాహ్‌కు తెలుసు.

ఈ రెండు సంగతులు వేర్వేరని మొదట అనుకున్నాము. కూర్చొని ఆలోచించిన కొద్దీ రెండూ ఒకే చెట్టు కొమ్మలని తెలిసింది. వెనుక వరుసల్లో కూర్చున్న మన అతిథి సోదరులలో కొందరికి ఈ తెలుగు అర్థం కాకపోవచ్చు. ఫరవాలేదు. విషయం వారిదే అయినా, వినవలసినది మనమే.

సోదరులారా! దైవప్రవక్త (స) జుమా నమాజులో జుమా సూరానూ మునాఫిఖూన్ సూరానూ పఠించేవారని హదీసులలో ఉంది. మనమూ ఎన్నో శుక్రవారాలు ఆ సూరాను వరుసలో నిలబడి విన్నాము. అది ఏ సందర్భంలో అవతరించిందో ఒకసారి గుర్తు చేసుకుందాము.

బనూ ముస్తలిఖ్ దండయాత్ర నుండి సైన్యం మరలి వస్తున్నది. నీటి దగ్గర తొక్కిడి. ఒక ముహాజిర్ ఒక అన్సారీని తన్నాడు. ఇతడు అన్సార్లను కేకవేశాడు, అతడు ముహాజిర్లను కేకవేశాడు. ఈ కేకలు విన్న దైవప్రవక్త (స) అది అజ్ఞానకాలపు పిలుపని, దుర్గంధం కొట్టే మాటని, విడిచిపెట్టమని మందలించారు. ఇక్కడ ఒకటి గమనించండి. ముహాజిర్, అన్సార్ అనేవి అల్లాహ్ గౌరవించిన పేర్లు. దివ్య ఖుర్ఆన్‌లో ప్రశంస పొందిన పేర్లు. అంతటి పేర్లు సైతం మా వాడు, బయటివాడు అని జట్లు కట్టడానికి వాడుకున్న క్షణాన కంపు కొట్టాయి. మరి ‘లోకల్’, ‘నాన్ లోకల్’ అన్న మన పిలుపుల సంగతి వేరే చెప్పాలా?

ఆ తగవు సంగతి మదీనా కపటుల నాయకుడైన అబ్దుల్లాహ్ బిన్ ఉబై చెవిన పడింది. అతడు తన వారితో రెండు మాటలన్నాడు. దైవప్రవక్త దగ్గర చేరిన ఈ వలసదారుల మీద ఖర్చు పెట్టకండి, వాళ్ళే చెదిరిపోతారు అన్నది మొదటిది. మదీనాకు తిరిగి వెళ్ళాక గౌరవనీయులు నీచులను వెళ్ళగొడతారు అన్నది రెండవది. జైద్ బిన్ అర్ఖమ్ (రజి) అనే చిన్నవాడు ఈ మాటలు విన్నాడు. విషయం దైవప్రవక్త (స) దాకా వెళ్ళింది. పెద్దమనిషి ప్రమాణాలు చేసి తాను అనలేదన్నాడు. పిల్లవాడి మాట అబద్ధమేమోనని జనం అనుకుంటున్న వేళ అల్లాహ్ స్వయంగా ఆ పిల్లవాడి పక్షాన సాక్ష్యం పలికాడు. మునాఫిఖూన్ సూరా అవతరించింది. ఇబ్ను ఉబై అన్న రెండు మాటలూ అందులో నిలిచిపోయాయి.

ఆ మొదటి మాట ఎలాంటిదో చూడండి. కత్తి దూయమని అతడు అనలేదు. చేయి ముడవమన్నాడు. తిండి, చోటు, పైసా ఆపితే చాలు, వచ్చినవారు తమంతట తామే పోతారన్నది అతడి లెక్క. దానికి అల్లాహ్ ఇచ్చిన జవాబు కూడా ఆర్థికమైనదే. భూమ్యాకాశాల ఖజానాలు తనవని, కపటులకు అది అర్థం కాదని ఆయన తెలియజేశాడు. అంటే మదీనాలో ఉన్న ఖర్జూరం ఇంతే, దాన్ని ఎందరు పంచుకుంటే అంత తరిగిపోతుంది అనుకోవడం దగ్గరే ఇబ్ను ఉబై పొరపడ్డాడు.

కాగితం తెచ్చిన పిల్లలను మేము మునాఫిఖులు అనడం లేదు. అల్లాహ్ రక్షించుగాక! గదులు అద్దెకు ఇవ్వకుంటే వాళ్ళే పోతారు అన్న ఆలోచన మొదట ఏ నోట పుట్టిందో మాత్రమే చెబుతున్నాము.

మరి మదీనాలో నిజంగా ఏమి జరిగింది? మక్కా నుండి వచ్చినవారు ఉత్త చేతులతో వచ్చారు. మదీనా వ్యవసాయపు ఊరు, వారు వ్యాపారపు మనుషులు. అన్సార్లు తమ ఖర్జూర తోటలను సగం సగం పంచి ఇస్తామన్నారు. దైవప్రవక్త (స) అందుకు ఒప్పుకోలేదు. అప్పుడు ముహాజిర్లు తోటల్లో పని చేసేటట్టు, పంటను ఇద్దరూ పంచుకునేటట్టు ఏర్పాటు కుదిరింది. హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానంటే హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వారికి శుభం కోరి, బజారు ఎక్కడుందో చూపించమన్నారు. నెయ్యి, ఎండబెట్టిన పెరుగు అమ్మడంతో మొదలుపెట్టారు. కొన్ని రోజులకే పెళ్ళి చేసుకోగలిగిన స్థితికి వచ్చారు. తరువాతి కాలంలో మదీనాలోని పెద్ద దాతలలో ఆయన ఒకరు. ఖైబర్ విజయం తరువాత ముహాజిర్లు అన్సార్లు తమకు అనుభవించడానికి ఇచ్చిన చెట్లను తిరిగి అప్పగించారని సహీహ్ హదీసులలో ఉంది. వచ్చినవారు మోయలేని బరువుగా మిగలలేదు. ఊరికి మరొక భుజమయ్యారు. ఈ ముగింపు అన్సార్లకు ముందుగా తెలియదు. తెలియకుండానే, తమకే ఇరుకు ఉన్నప్పటికీ వారు తలుపు తీశారు. హష్ర్ సూరాలో వారికి దక్కిన ప్రశంస అందుకే.

ఇక మన సంగతికి వద్దాము. మన ఉత్తరాంధ్ర గురించి మనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఈ జిల్లాలు తిండి కోసం మనుషులను బయటికి పంపిన జిల్లాలు. మన తాతముత్తాతల కాలంలో ‘రంగం వెళ్ళాడు’ అంటే రంగూను వెళ్ళాడని అర్థం. గోపాలపురం, కళింగపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల నుండి పొగ ఓడలు కూలీలను బర్మాకు మోసుకుపోయేవి. మేస్త్రీ ఇచ్చిన బయానాతో బయలుదేరి, ఆ అప్పు తీరేదాకా అతడి చెప్పుచేతల్లో ఉండేవారు. ఓడరేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు, వీధులూ పాయిఖానాలూ శుభ్రం చేశారు. 1931 నాటికి రంగూను నగర జనాభా సుమారు 4 లక్షలు. అందులో సగానికి పైగా భారతీయులే. అక్కడివారు మనవాళ్ళను కోరంగీలని పిలిచేవారు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు పేరు అది. ఒక రేవు పేరు మెల్లగా తిట్టుగా మారిపోయింది.

1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని పని మానారు. రేవు గుత్తదారులు వారి స్థానంలో బర్మీయులను పనిలోకి దించారు. వారాలు గడిచాక మనవాళ్ళతో రాజీ కుదిరింది. మరునాడు పనికి వచ్చిన బర్మీయులను ఇక మీరు అక్కరలేదని పొమ్మన్నారు. తిరిగి వచ్చిన మనవాళ్ళలో కొందరు వారిని చూసి నవ్వారని ఆనాటి వృత్తాంతాలు చెబుతున్నాయి. ఆ నవ్వు దగ్గర రాజుకున్న నిప్పు నగరమంతా పాకింది. అధికారిక లెక్కల ప్రకారమే వందకు పైగా ప్రాణాలు పోయాయి. పోయినవారిలో ఎక్కువమంది పొట్ట చేత పట్టుకొని వెళ్ళిన మన వైపు కూలీలే. ఇరువైపులా కొట్టుకున్నది ఆకలిగొన్నవారు. ఇద్దరినీ ఒకరి మీద ఒకరిని వాడుకొని కూలి ఖర్చు తగ్గించుకున్న గుత్తదారు ఇంటి మీద ఒక రాయి పడినట్టు మేము ఎక్కడా చదవలేదు.

1938లో మరొకసారి మంటలు లేచాయి. ఈసారి ఇస్లాంను కించపరిచిన ఒక పుస్తకం నెపమైంది, ముస్లిములే మొదటి గురి అయ్యారు. అయితే దాని అడుగున ఉన్నది భూమి, అప్పు, ఉద్యోగం. న్యాయంగా ఒక మాట చెప్పాలి. బర్మా రైతు కోపానికి కారణం లేకపోలేదు. 1930 నాటి ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర కూలిపోయి, అప్పులు తీర్చలేక, దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాల్లో సుమారు నాలుగో వంతు భూమి తమిళనాడు నుండి వెళ్ళిన చెట్టియార్ వడ్డీ వ్యాపారుల చేతికి పోయింది. వడ్డీ ఏ ఊళ్ళో అడుగుపెట్టినా ఇదే చేస్తుంది, అందుకే అల్లాహ్ దానిని నిషేధించాడు. కానీ ఆ కోపం వడ్డీ పద్దు మీద పడలేదు. ఎదురుగా దొరికిన రిక్షా కూలీ మీద పడింది.

ఈ గొడవల తరువాత బర్మా ప్రభుత్వం జేమ్స్ బాక్స్టర్ అనే అధికారి చేత భారతీయుల వలస గురించి విచారణ జరిపించింది. ఆయన నివేదిక 1941లో వెలువడింది. భారతీయ కూలీలు బర్మీయుల పనిని లాక్కున్నారన్నదానికి ఆయనకు ఆధారం దొరకలేదు. మొత్తం మీద వారు స్థానిక శ్రమకు తోడుగా నిలిచారే గాని దాని స్థానాన్ని ఆక్రమించలేదని ఆయన తేల్చారు. నిజం తేలేసరికి వినేవారు లేరు. అదే ఏడాది డిసెంబరు 23న రంగూను మీద జపాను బాంబులు పడ్డాయి. లక్షలాది భారతీయులు భార్యాబిడ్డలతో కొండలూ అడవులూ దాటుకుంటూ స్వదేశానికి నడిచారు. దారిలో రాలిపోయినవారు వేలల్లో ఉన్నారు. మిగిలినవారిలో చాలామంది 1962 సైనిక పాలన తరువాత, దుకాణాలు జాతీయం కాగా, మళ్ళీ కట్టుబట్టలతో వచ్చారు. విశాఖపట్నంలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అన్న పేరు ఎందుకు నిలిచిందో మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

అది పాత కథ అనుకుంటే కొత్తవీ ఉన్నాయి. 2014 జూన్ 28న చెన్నై శివార్లలోని మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వారిలో మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కూలీలు ఎందరో ఉన్నారు. వారు అక్కడ ఏమిటి? తమిళ తాపీపనివాని కంటే తక్కువకు దొరికే బయటి కూలీలు. 2020 లాక్‌డౌన్‌లో గుజరాత్‌లోని వెరావల్ రేవులో వేలాది ఉత్తరాంధ్ర మత్స్యకారులు పడవల్లోనే చిక్కుబడ్డారు. సౌదీలో 2011లో నితాఖాత్ నియమాలు వచ్చి స్థానికులకు ఉద్యోగాల వాటా నిర్ణయించినప్పుడు, మన వాళ్ళు వీసా కోసం చేసిన అప్పు తీరకముందే తిరిగి వస్తామేమోనని ఎన్ని ఇళ్ళల్లో దుఆలు చేశారో మనకు గుర్తుంది. ఆనాడు సౌదీ యువకుడు కూడా మన పిల్లల కాగితంలాంటి కాగితమే రాసి ఉంటాడు. అక్కడ మనం బయటివాళ్ళం, ఇక్కడ సొంతవాళ్ళం.

సోదరులారా! బయటివారు వస్తే స్థానికుని కూలి పడిపోతుందా అన్న ప్రశ్నను పెద్ద పెద్ద ఆర్థికవేత్తలు కూడా పరిశీలించారు. 1980లో కొద్ది నెలల్లోనే సుమారు 1,25,000 మంది క్యూబా నుండి అమెరికా చేరుకున్నారు. వారిలో చాలామంది మయామీ నగరంలో స్థిరపడ్డారు. ఆ నగరపు కార్మికుల సంఖ్య ఉన్నట్టుండి సుమారు 7 శాతం పెరిగింది. డేవిడ్ కార్డ్ అనే ఆర్థికవేత్త లెక్కలు తీసి 1990లో ప్రచురించగా, స్థానికుల కూలి మీద, ఉపాధి మీద చెప్పుకోదగిన దెబ్బ కనిపించలేదు. ఆయనకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. జార్జ్ బోర్హాస్ అనే మరొక ఆర్థికవేత్త, తానూ క్యూబా నుండి వలస వచ్చినవాడే, అదే లెక్కను వేరుగా తీసి, చదువు బాగా తక్కువ ఉన్న కార్మికులకు మాత్రం నష్టం జరిగిందన్నాడు. పండితుల వాదం ఇంకా తెగలేదు. కాబట్టి మన తాపీ యువకుడితో నీకు ఏ నష్టమూ లేదు పో అని మేము అనము. మొత్తం ఊరికి మేలు జరుగుతూనే ఒకరిద్దరికి దెబ్బ తగలవచ్చు. ఆ దెబ్బ తిన్నవాడిని పట్టించుకోవడం మేలు పొందినవారి బాధ్యత.

మేలు పొందుతున్నది ఎవరు? మనలోనే చూసుకుందాము. ఖాళీగా ఉన్న వెనుక గదిని పదిమందికి అద్దెకు ఇచ్చిన వారున్నారు. కిరాణా కొట్టులో, చికెన్ కొట్టులో, టీ హోటలులో వారి బేరం ఎంతో దుకాణదారులకు తెలుసు. ఇల్లు కట్టించుకున్నవారికి తక్కువలో పని జరిగింది. కొత్తవలస నుండి కిరండూల్ పోయే రైలు మార్గంలో అరకు కొండల నుండి దిగివచ్చే గిరిజన సోదరులను కూడా మన బజారులో ఇలాగే తక్కువ కూలికి పిలుస్తారు. వారిని బయటివారనడానికి మనకు నోరు ఎలా వస్తుందో! ఆ కొండలు మన కంటే ముందు వారివి.

ఒక మనిషికి రోజుకు 900 రూపాయలు ఇవ్వవలసిన పని ఉన్నదనుకుందాము. బయటివాడికి 600 చాలని మేస్త్రీ అతడిని తెచ్చాడు. మిగిలిన 300 ఎవరి జేబులోకి పోయాయి? వచ్చిన కూలీ జేబులోకి పోలేదు. పని పోయిన మన కుర్రవాడు ఆ కూలీని తిడుతున్నాడు. కూలీ తన ఊళ్ళో అప్పు తలచుకొని నోరు మూసుకున్నాడు. 300 రూపాయలు మింగినవాడిని ఎవరూ ఏమీ అనరు. బయటివాడికి కూడా 900 ఇవ్వవలసిందే అన్న రోజున మన కుర్రవాడి పని దానంతటదే నిలుస్తుంది. బయటివాడి హక్కును కాపాడటంలోనే మనవాడి రక్షణ కూడా ఉంది. మన దేశ చట్టం సైతం ఇదే చెప్పింది. 1979లో వచ్చిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం, అదే పని చేసే స్థానికుడికి ఇచ్చే వేతనం కన్నా వలస కార్మికుడికి తక్కువ ఇవ్వరాదని రాసింది. చట్టం పుస్తకంలో ఉండిపోయింది.

ఇస్లాం ఇంకా లోతుగా చెప్పింది. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) ఈజిప్టు నుండి ప్రాణభయంతో మద్‌యన్ చేరినప్పుడు ఆయన చేతిలో ఏముంది? తెలియని ఊరు, ఆకలి. ఎవరూ అడగకుండానే ఇద్దరు ఆడపిల్లల గొర్రెలకు నీళ్ళు తోడి ఇచ్చి, చెట్టునీడన కూర్చొని తన ప్రభువును వేడుకున్నారు. ఆ పిల్లల తండ్రి ఆయనను పిలిపించి మొదట చేసిన పని, చేసిన సాయానికి ప్రతిఫలం ఇవ్వాలనుకోవడం. తరువాత పనికి కుదుర్చుకున్నప్పుడు ఎన్ని సంవత్సరాలో ముందే చెప్పారు. 8 సంవత్సరాలు, ఇష్టమైతే 10. నిన్ను కష్టపెట్టే ఉద్దేశం నాకు లేదని కూడా చెప్పారు. ఖసస్ సూరాలో ఇది ఉంది. పరాయి ఊరివాడు, దిక్కులేనివాడు, ఏమి ఇచ్చినా పుచ్చుకునేవాడు. అయినా మాట ముందే, లెక్క ముందే. మన ఊళ్ళో ఇళ్ళు కట్టించుకునే ఎందరు కూలీతో నేరుగా మాట అనుకుంటున్నారు?

హదీసె ఖుద్సీలో ప్రళయదినాన అల్లాహ్ తానే ప్రతివాదిగా నిలిచే ముగ్గురిని గురించి ఉంది. వారిలో ఒకడు కూలీని పెట్టుకొని, పని పూర్తిగా చేయించుకొని, కూలి ఇవ్వనివాడు. చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న ఆదేశం మనందరికీ కంఠస్థమే. మూడు వారాలలో ఎన్నిసార్లు చెమట ఆరింది?

వచ్చినవారిలో చాలామంది ముస్లిములు కారు కదా, ముహాజిర్ల ఉదాహరణ వారికెలా వర్తిస్తుందని ఎవరైనా అడగవచ్చు. కూలి హక్కులో ధర్మం వేరని షరీఅత్ ఎక్కడా అనలేదు. పైగా ముస్లిముల మొదటి హిజ్రత్ ఎక్కడికి జరిగింది? హబషా దేశానికి, ఒక క్రైస్తవ రాజు నీడకు. ఖురైషులు కానుకలు పంపి వీళ్ళను మాకు అప్పగించమన్నప్పుడు, వారి మాట కూడా వినకుండా ఇవ్వనని నజాషీ రాజు అన్నాడు. హజ్రత్ జాఫర్ (రజి) చెప్పింది పూర్తిగా విన్న తరువాతే తీర్పు చెప్పాడు. మన వాళ్ళకు ఆశ్రయం ఇచ్చినవాడు మన వాడు కాడు. ఆ రుణం మన మీద ఉంది.

ఇంకొక సున్నితమైన విషయం. బెంగాలీ మాట్లాడినంతమాత్రాన, తల మీద టోపీ ఉన్నంతమాత్రాన ఒక కూలీని పరదేశి అనేయడం ఈమధ్య దేశంలో అలవాటయింది. ముర్షిదాబాద్, మాల్దా జిల్లాలు భారతదేశంలోనే ఉన్నాయి. దేశంలో ఎక్కడికైనా వెళ్ళడానికి, ఉండటానికి, పని చేసుకోవడానికి రాజ్యాంగం 19వ అధికరణం పౌరులందరికీ హక్కు ఇచ్చింది. పత్రాలు చూడవలసిన అధికారులు ఉన్నారు, వారు అడిగితే చూపించాలి. గది అద్దెకు ఇచ్చేవారు ఆధారాలు తీసుకొని నియమం ప్రకారం ఇవ్వండి, అది అందరికీ క్షేమం. కానీ టీ కొట్టు దగ్గర కూర్చొని మనమే తీర్పు చెప్పడం అపనింద. ఆ మాట మనలను గురించి అన్నప్పుడు ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఈ మాటలు అల్లాహ్ మాకూ మీకూ ప్రయోజనకరం చేయుగాక!

రెండవ ఖుత్బా

అల్‌హందులిల్లాహ్. దైవప్రవక్త (స) పైన దరూద్ పంపిన తరువాత, మా తప్పు ఒకటి ఇక్కడ ఒప్పుకోవాలి. మన మస్జిద్ వుజూఖానాలో పలకలు వేయించినప్పుడు కమిటీవారమంతా కూర్చొని ఎవరు తక్కువకు చేస్తారో చూశాము. ఒక మేస్త్రీకి గుత్తకు ఇచ్చాము. అతడు బయటి కూలీలను తెచ్చాడు. పని బాగుంది, డబ్బు మిగిలిందని సంతోషించాము. ఆ కూలీలకు రోజుకు ఎంత ముట్టిందో మాలో ఒక్కరమూ అడగలేదు. ప్రతిరోజూ అయిదు పూటలు ఆ పలకల మీద నిలబడి వుజూ చేస్తున్నాము. కాగితం తెచ్చిన పిల్లలకు జవాబు చెప్పడానికి మేము తడబడటానికి అసలు కారణం ఇదే.

కాబట్టి నమాజు తరువాత కమిటీ గదిలో కూర్చుంటాము. ముందుగా వుజూఖానా లెక్క తీస్తాము. మేస్త్రీని పిలిపించాము, వస్తానన్నాడు. తక్కువ ముట్టి ఉంటే మస్జిద్ నిధిని ముట్టుకోకుండా, కమిటీవారము మా సొంతం నుండి చెల్లిస్తాము. ఆ కూలీలు ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నా ఫోను నంబర్లు దొరకకపోవు. ఆ తరువాత మూడు వారాల కూలి సంగతి. యజమానీ మేస్త్రీ ఇద్దరూ వస్తే అక్కడే తెగుతుంది. రాకపోతే ఆ నలుగురిని వెంటబెట్టుకొని కార్మిక శాఖ కార్యాలయానికి మేమే వెళ్తాము. గదులు అద్దెకు ఇవ్వరాదన్న కాగితం మీద సంతకం చేయలేమని పిల్లలకు చెబుతున్నాము. ఈ జమాఅత్‌లో ఇల్లు కట్టించేవారు, ఏ ఊరివాడైనా ఒకే పనికి ఒకే కూలి ఇస్తామని మాట ఇచ్చే మరొక కాగితం రాసి తెండి. మొదటి సంతకం మాది. మన తాపీపనివారి పేర్లు కూడా అందులో రాసి, పని ఉన్నప్పుడు వారినీ పిలుస్తామని చేర్చండి.

ఓ అల్లాహ్! మా తాతలను పరాయి రేవులలో పోషించినవాడివి నీవే. బర్మా దారుల్లో, మౌలివాక్కం శిథిలాల కింద ప్రాణాలు విడిచినవారి కుటుంబాలకు ఊరట ప్రసాదించు. మా పిల్లలు పని చేస్తున్న హైదరాబాదులో, చెన్నైలో, దుబాయిలో, కువైట్‌లో వారికి దయగల యజమానులను ఇవ్వు. ఇతరుల పిల్లల పట్ల మమ్మల్ని అలాంటి యజమానులను చేయి. పని లేక బాధపడుతున్న మా యువకులకు హలాల్ ఉపాధి మార్గాలు తెరువు. మా ఇళ్ళలో ఎవరి కూలి అయినా ఆగిపోయి ఉంటే, దానితో నీ ముందుకు రాకముందే తీర్చే శక్తి ఇవ్వు. ఆమీన్.

నేటి రెండవ రకాఅతులో మునాఫిఖూన్ సూరా పఠించబడుతుంది. వరుసలు సరిచేసుకోండి. ముందు వరుసలో చోటు ఉంది, వెనుక నిలబడ్డవారిని ముందుకు రానివ్వండి.